కిలోమీటర్లు రాస్తున్నరు సరే, బ్యాటరీ సంగతి ఎవరు రాస్తరు?

ఎడిటర్ గారికి నమస్తే,

ఆదివారం పేపర్ రాంగనే నేను ఫస్ట్ క్లాసిఫైడ్స్ చదువుత, మా ఇంట్ల అందరు నవ్వుతరు, సినిమా పేజీ ఇడిసిపెట్టి ఇదేం పిచ్చి అని. మొన్న మీ పేపర్ల ఒకటి చూసిన, ఎలక్ట్రిక్ కారు, 2022 మోడల్, సింగిల్ ఓనర్, 31 వేల కిలోమీటర్లు, షోరూం కండిషన్, హన్మకొండ అని. అంతే. పక్కన పెట్రోల్ బండి ప్రకటన పెట్టి చదివితే ఒక్క ముక్క తేడా లేదు. బ్యాటరీ దమ్ము కొత్తల ఉన్నదాంట్ల ఎంత మిగిలిందో లేదు, వారంటీ ఎప్పటిదాక ఉందో లేదు, ట్యాక్సీగ తిరిగిందా ఇంట్ల తిరిగిందా అదీ లేదు. బర్రెను అమ్మేటోడన్న పూటకెన్ని లీటర్లిస్తదో చెప్తడు కద సార్, ఇది ఆ పాల సంగతి చెప్పకుంట కొమ్ములు మంచిగున్నయ్ అన్నట్టున్నది.

పోయినేడు నేను ఈ పని మీద నాలుగు నెలలు తిరిగిన కాబట్టి రాస్తున్న, మా స్టాఫ్ రూంలనే ఇప్పుడు ముగ్గురు పాత ఈవీ, అంటె ఎలక్ట్రిక్ బండి, కొనాలని చూస్తున్నరు, అందరికీ అవే అనుమానాలు, అందరికీ అవే మాటలు చెప్పి పంపిస్తున్నరు అమ్మేటోళ్లు.

మాది హన్మకొండ. నేను గవర్నమెంట్ టీచర్‌ను, ములుగు రోడ్డు మీద పోయి గుడెప్పాడ్ క్రాస్ దగ్గర పరకాల దిక్కు మళ్లితే మా బడి, పోవుడు 28 రావుడు 28, రోజుకు 56 కిలోమీటర్లు. ఇంతకుముందు నలుగురు టీచర్లం ఒక్క కార్ల కలిసి పోయేటోళ్లం, ట్రాన్స్‌ఫర్లు అయినంక ఆ కారు మేడం జనగామ దిక్కు పోయింది, నేను రోడ్డు మీద పడ్డ. ఇంట్ల పాత పెట్రోల్ వ్యాగనార్ ఉంది కాని అది మా ఆయన షాపుకు కావాలె, సరుకు తెచ్చుడు, వసూళ్లకు తిరుగుడు, నెలకు రెండుసార్లు హైదరాబాద్. అట్ల రెండో బండి అవసరం పడ్డది. కొత్తది కొనే ఉద్దేశం మాకు లేదు, పిల్లగాడి ఇంజినీరింగ్ ఫీజు ఉంది నెత్తి మీద.

రెండో బండి అనే మాట దగ్గర జర ఆగాలె. ఎందుకంటే ఈవీ అనంగనే మన దగ్గర ప్రతి ఒక్కరు అడిగే మొదటి ప్రశ్న హైదరాబాద్ పోయి వస్తదా అని. అరే, హైదరాబాద్ పోయేటందుకు ఇంట్ల ఇంకో బండి ఉంది కద. తిరుపతి పోతదా, మేడారం జాతరల ఇరుక్కుంటె ఎట్ల, ఇవన్ని మొదటి బండిని అడగాల్సిన ప్రశ్నలు. నా బండి రోజుకు 56 కిలోమీటర్లు పోయి రాత్రి ఇంట్ల పండుకుంటది. ఎండకాలం ఏసీ ఫుల్ పెట్టి, మధ్యల ఎంజీఎం దవాఖానకు ఎవరినన్న చూడవోయినా 100 దాటదు. కాబట్టి బ్యాటరీ 80 శాతమే మిగిలిన, అంటె కొత్తల పట్టిన చార్జింగ్‌ల 80 శాతమే ఇప్పుడు పట్టే పాత బండి అయినా నాకు ఎక్కువే. ఇది అర్థమయ్యేసరికి నాకు రెండు నెలలు పట్టింది. 80 ఉన్న బండి పనికిరానిది కాదు, 80 ఉన్న బండికి 95 రేటు కట్టుడు తప్పు. ఆ 80 ఉందో 95 ఉందో చెప్పేటోడే లేడు, అసలు లొల్లంతా ఆడనే ఉంది.

హైదరాబాద్‌ల ఒక పాత కార్ల యార్డుకు పోయినం, పేరు వద్దు లెండి. తెల్లటి సెడాన్ ఒకటి చూపించిండు, కడిగి మెరిపిచ్చిండు. బ్యాటరీ హెల్త్ ఎంతుంది బాబు అని అడిగిన. ఆ పిలగాడు డోర్ తీసి, బండి ఆన్ చేసి, మీటర్ మీద వేలు పెట్టి, చూడండి మేడం 96 ఉంది, సూపర్ హెల్త్ అన్నడు. అది చార్జింగ్! రాత్రి ప్లగ్గు పెట్టి ఇడిసిపెట్టిండ్రు, 96 అయింది. ఫోన్ల బ్యాటరీ గుర్తు మీద 96 చూపిస్తె ఫోన్ కొత్తదయినట్టా? నాతోని వచ్చిన మా కొడుకు ఎనకకు తిరిగి నవ్వుకున్నడు, నాకైతే కోపమొచ్చింది, ఎందుకంటే ఆ పిలగాడు అబద్ధం చెప్పలే, నిజంగనే వానికి తెల్వదు, అదే ఇంకా భయం. మళ్ల నంబర్ ప్లేట్ చూస్తే కొత్తగ బిగించిన పచ్చ ప్లేటు. ఈవీలకు పచ్చ ప్లేటే ఉంటది, సొంత బండికైతే తెల్ల అక్షరాలు, ట్యాక్సీకైతే పసుప్పచ్చ అక్షరాలు. మావోడు ఆర్‌సీ అడిగి చదివితే ట్యాక్సీగ తిరిగి, తర్వాత ప్రైవేట్‌కు మార్చిన బండి. ఎయిర్‌పోర్టుకు తిరిగిన బండి అంటే రోజూ ఫాస్ట్ చార్జింగ్, పొద్దంత ఎండ. కొనద్దని అనను, తక్కువకొస్తె అదీ కొనొచ్చు, కాని అది ముందు చెప్పాలె కద.

అటెన్క ఊర్లనే ఒకటి దొరికింది. పార్టీ మంచోళ్లే, తెలిసినోళ్ల చుట్టాలు, రేటు కూడా తక్కువ. కాని వాళ్ల ఇల్లు నయీంనగర్ నాలా దిక్కు. వరంగల్ల ఉన్నోళ్లకు ఇంక చెప్పే పని లేదు, 2023 జులై, మొన్న 2025 అక్టోబర్ల మోంథా తుఫాను, రెండుసార్లు ఆ దిక్కు నీళ్లు ఎట్లొచ్చినయో అందరం చూసినం. మా ఎలక్ట్రీషియన్ ఒక చిట్కా చెప్పిండు, సీటు బెల్టును చివరిదాక మొత్తం గుంజి చూడుండ్రి మేడం అని. గుంజినం. మామూలుగ బెల్టు పెట్టుకున్నప్పుడు బయటికొచ్చేంత దాక నీటుగ ఉంది, ఆ తర్వాత జానెడు లోపల సన్నగ బురద గీత, ఎండిపోయిన చెరువు గట్టు మీద ఉంటది చూడుండ్రి, అట్ల. వాళ్లు కార్పెట్లు మార్చిన్రు, సీట్లు కడిగిన్రు, బెల్టు లోపల ఎవరు కడుగుతరు. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 అని ఉంటది, అంటే మీటరు లోతు నీళ్లల్ల అరగంట ఉన్నా లోపలికి నీళ్లు పోవద్దని టెస్ట్ చేసి ఇచ్చిన లెక్క. అరగంట. మన దగ్గర నీళ్లు అరగంటల పోయినయా? ఇంక బ్యాటరీ పెట్టె ఒక్కటే కాదు కద, వైర్లు, కనెక్టర్లు, సీట్ల కింద సామాన్లు. మేం మర్యాదగ చాయ్ తాగి వచ్చేసినం.

మూడోది కొన్నం. టాటా టిగోర్ ఈవీ, 2022 బండి, 26 కిలోవాట్ అవర్ బ్యాటరీ. కిలోవాట్ అవర్ అనంగనే భయపడకుండ్రి, కరెంట్ బిల్లుల యూనిట్ అంటం కద, అదే ఇది, 26 యూనిట్లు పట్టే ట్యాంకు అనుకోండి. 2021 ఆగస్టుల ఈ బండి వచ్చినప్పుడు షోరూం ధరనే 11.99 లక్షల నుంచి మొదలు, మాకు 6 లక్షల 10 వేలకు వచ్చింది. ఇంత పడిపోవుడు చూసి మా ఆయన మొదలు అనుమానపడ్డడు, ఏదో రోగం లేకుంటె సగానికి ఎందుకిస్తడు అని. రోగం బండిది కాదు, లెక్కలది. మన రాష్ట్రంల 2024 నవంబర్ నుంచి కొత్త ఈవీలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మాఫీ, 2026 డిసెంబర్ 31 దాక. కొత్త దానికే టాక్స్ లేనప్పుడు పాత దానికి ఎక్కువ ఎవరు పెడతరు. దాని మీద 2025 సెప్టెంబర్ల చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, ఆ దెబ్బ కూడా పాత ఈవీల మీద పడ్డది. అమ్మేటోళ్లకు ఏడుపు, మాలాంటోళ్లకు ఇదే టైం. ఇంకోటి, డీలర్ దగ్గర కొంటే అతని లాభం మీద 18 శాతం జీఎస్టీ ఉంటది, ఈవీలకు ఇదివరకు 12 ఉండె, 2024 డిసెంబర్ల జీఎస్టీ కౌన్సిల్ పెంచింది. మనిషి దగ్గర మనిషి కొంటె అది లేదు. మేం కొన్నది హన్మకొండలనే ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర, ట్రాన్స్‌ఫర్ అయి పోతున్నడు.

ఆ సార్ మంచోడు, బండి ఒక పొద్దంత ఇచ్చిండు. వంద చార్జింగ్ పెట్టి పొద్దున ఏడింటికి బయల్దేరినం, నేను, మావోడు, ఎనక సీట్ల మా అత్తమ్మ, ఏసీ ఏసుకొని, నేను రోజు పోయే స్పీడ్‌లనే. పరకాల దాక పోయి, ఆడ టిఫిన్ చేసి, తిరిగొచ్చినం. మీటర్ల 72 కిలోమీటర్లు తిరిగింది, చార్జింగ్ 62కు దిగింది. 38 శాతానికి 72 అంటే వందకు 190 దగ్గర. కంపెనీ కాగితం మీద 306 అని ఉంటది, అది ల్యాబ్ లెక్క, కొత్త బండి కూడ రోడ్డు మీద అంత ఇయ్యదు. మావోడు ఇంకా ఓబీడీ అని బండి కంప్యూటర్‌ల ఉన్నది చదివే చిన్న డబ్బా తెచ్చి స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్ల చూసిండు, బ్యాటరీ హెల్త్ 91 శాతం అని వచ్చింది. నేను ఆ డబ్బాను నమ్మలే, 72 కిలోమీటర్లను నమ్మిన. రెండూ బ్యాటరీ మంచిగనే ఉందని చెప్పినయ్ కాబట్టి అడ్వాన్స్ ఇచ్చినం.

అంతకుముందు సర్వీస్ సెంటర్‌కు కూడా పోయినం సార్, కాగితం మీద రాసియ్యమని. ఓనర్ ఉంటేనే చూస్తమన్నరు, సరే ఓనర్‌ను తీస్కపోయినం. లిఫ్ట్ ఎక్కించి కింద చూపిచ్చిన్రు, అది మాత్రం మంచి పని చేసిన్రు, ఈవీకి పొట్టనే ప్రాణం, మన ఊర్ల స్పీడ్ బ్రేకర్లు తెలుసు కద, ఇంటికొకటి ఏసుకున్నట్టుంటయ్, పెట్టె కింద సొట్ట ఉంటె ఆ బండి ముట్టొద్దు. కంప్యూటర్ పెట్టి ఏదో చూసిన్రు, బ్యాటరీ ఎట్లుందని అడిగితె హెల్తీ ఉంది మేడం అన్నరు. ఎంత శాతం? హెల్తీ మేడం. నంబర్ చెప్పు నాయనా. గ్రీన్‌ల ఉంది మేడం. నేను 19 ఏండ్ల సంది పిలగాండ్లకు మార్కులు ఏస్తున్న, గ్రీన్‌ల ఉన్నడు అని ప్రోగ్రెస్ కార్డు మీద రాస్తె తల్లిదండ్రులు ఊకుంటరా? స్క్రీన్ మీద నంబర్ ఉంది, అతను చూస్తుండు, మాకు ఇయ్యడు. ప్రింట్ ఇచ్చే రూల్ లేదన్నడు. ఇయ్యద్దనే రూల్ ఉందా అంటె అదీ లేదు.

వారంటీ సంగతి ఒక్కటి కాగితం మీద దొరికింది, బ్యాటరీకి, మోటర్‌కు 8 ఏండ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అంటె మాకు 2030 దాక ఉన్నట్టు. కాని అన్ని బండ్లకు ఇదే అనుకోవద్దు. ఎంజీ కామెట్ అనే చిన్న ఈవీకి లక్షా 20 వేల కిలోమీటర్లే. కొన్ని కొత్త మోడల్స్‌కు లైఫ్‌టైం వారంటీ అని పెద్దక్షరాలతో ఏస్తున్నరు, అది మొదటి ఓనర్‌కే, చేయి మారంగనే తగ్గుతది. 2024 సెప్టెంబర్ నుంచి ఇంకో పద్ధతి కూడ వచ్చింది, బండి మనం కొనుడు, బ్యాటరీకి కిలోమీటర్‌కు ఇంత అని అద్దె కట్టుడు. రేపు అవి కూడ పాత బండ్ల యార్డులకు వస్తయ్. అప్పుడు బ్యాటరీ ఎవరిది, దాని బాకీ ఎవరు కడతరు అని అడగకుండ కొంటె ఇల్లు కొని కిరాయి కట్టినట్టే అయితది.

ఇంగ ఇంట్ల జరిగిన కథ. బండి తెచ్చి పూజ చేయించి, రాత్రి 15 ఆంప్స్ ప్లగ్గుల చార్జర్ పెట్టినం, ఎర్రలైటు. తీసి పెడితె మళ్ల ఎర్రలైటే. మోసపోయినం అనుకొని ఆ రాత్రి ఇంట్ల ఎవ్వరం సరిగ్గ తినలే. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి మీటర్ పెట్టి చూస్తె న్యూట్రల్‌కు ఎర్తింగ్‌కు మధ్య 38 వోల్టులు, అంత ఉండద్దంట. బండి మంచిగనే ఉంది, మా ఇల్లే బాగలేదు. ఇల్లు కట్టినప్పుడు తీసిన ఎర్తింగ్ గుంత, మీద చెట్ల కుండీలు పెట్టి మరిచిపోయినం, లోపల ఒట్టి దుబ్బ. తొవ్వి, కొత్త రాగి ప్లేట్ పెట్టి, ఉప్పు బొగ్గు పొరలు పొరలుగ నింపి, రెండు బకెట్ల నీళ్లు పోసి మళ్ల చూస్తె 2 వోల్టులకు దిగింది. చార్జర్ పచ్చగ ఎలిగింది. ఇన్నేండ్ల సంది ఆ ఎర్తింగ్ మీదనే మా గీజర్, వాషింగ్ మెషీన్ నడిచినయ్, అవి చెప్పలే, ఈ బండి చెప్పింది. ఇప్పుడు ఎండకాలం తులసికోటకు పోసినట్టు ఆ గుంతకు కూడ నీళ్లు పోస్తది మా అత్తమ్మ. దాంతోపాటు మీటర్ లోడ్ కూడ పెంచిపిచ్చుకోవాలె, మాది 2 కిలోవాట్లు ఉండె, చార్జర్ ఒక్కటే 3 దాక గుంజుతది, నక్కలగుట్టల కరెంట్ కంపెనీ ఎన్‌పీడీసీఎల్ ఆఫీస్ మన ఊర్లనే ఉంది కద, అప్లై చేసినం, అయింది.

కరెంట్ ఖర్చు గురించి యూనిట్‌కు 5 రూపాయలు ఏస్కొని కిలోమీటర్‌కు రూపాయి కూడ పడది అని అందరు చెప్తరు, అది తప్పు లెక్క. మా ఇంట్ల నెలకు 180 యూనిట్లు కాలేటివి, బిల్లు 724, ఫిక్స్‌డ్ చార్జీలు అవి వేరే. బండికి నెలకు 230 యూనిట్లు. రెండు కలిపి 410. 200 దాటంగనే స్లాబే మారిపోతది, మొదటి 200కు కూడ 5.10 పడతది, ఆ మీద వందకు 7.70, ఆ మీద వందకు 9 రూపాయలు, 400 దాటినంక 9.50. మొత్తం 2,785. అంటె బండి వల్ల పెరిగింది 2,060, యూనిట్ దగ్గర దగ్గర 9 రూపాయలు పడ్డట్టు. 25 రోజుల్ల 1,400 కిలోమీటర్లు, కిలోమీటర్‌కు రూపాయిన్నర. అదే వ్యాగనార్ల పోతె లీటర్‌కు 15 ఇచ్చినా, 107 రూపాయల లెక్కన 10 వేలు. మిగిలేది చాలనే ఉంది, కాని నిజం లెక్క చెప్పాలె. మా పక్కింటాయనకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాక జీరో బిల్లు వస్తది, ఆయన కూడ పాత ఈవీ చూస్తున్నడు, 200 దాటిన నెల ఆ జీరో పోయి మొత్తం బిల్లు కట్టాలె అన్న సంగతి ఏ డీలర్ చెప్పిండు ఆయనకు? నేను చెప్పిన, ముఖం చిన్నగ చేస్కున్నడు పాపం.

ఇన్సూరెన్స్‌ల థర్డ్ పార్టీ ఈ సైజు ఈవీకి 2,904, పెట్రోల్ కంటె 15 శాతం తక్కువ లెక్క. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మామూలే, ఇన్సూరెన్స్ 14 రోజుల్ల పేరు మీదికి మార్పిచ్చుకోవాలె. వీటిల్ల ఇబ్బంది పడలే. ఇప్పటిదాక బండి మంచిగ నడుస్తుంది, నెలకొకసారి వంద దాక నింపుత, ఇది ఎల్‌ఎఫ్‌పీ, అంటె లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ, అప్పుడప్పుడు నిండ నింపితేనే మీటర్ లెక్క సరిగ్గ చూపిస్తది. మేల ట్రైనింగ్‌కు పోయిన రోజు ఎండల నిలబెడితె స్టీరింగ్ ముట్టరాలే, రేంజ్ కూడ ఆ రోజు పదిహేను కిలోమీటర్లు తగ్గింది, అప్పటి సంది యాపచెట్టు నీడ దొరికేదాక పార్కింగ్ చెయ్య. మా బడి పిలగాండ్లు మాత్రం మేడం మీ బండి సప్పుడు రాక కాపీ కొడుతుంటె దొరికిపోతున్నం అంటరు.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుత. పాత బండ్లు అమ్మే డీలర్లు అథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలని, తమ దగ్గరున్న బండి ఎక్కడెక్కడ తిరిగిందో రిజిస్టర్ రాయాలని కేంద్రం 2022 డిసెంబర్ల రూల్ తెచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. మంచి రూలే. దాంట్లనే ఇంకో గడి పెట్టి, ఈవీ అయితె సర్వీస్ సెంటర్ల తీసిన బ్యాటరీ హెల్త్ ఇంత శాతం, ఫలానా తారీఖున అని రాయిస్తె ఏం పోతది? ఓనర్ మారేటప్పుడు ఫారం 29, 30 తోని పాటు ఆ ప్రింట్ జత చేస్తె చాలు. మెషీన్ కొనే పని లేదు, స్క్రీన్ మీద ఉన్న నంబరే, ఇయ్యుమంటె సరి. రవాణా శాఖ మంత్రి గారు పొన్నం ప్రభాకర్ సార్ మన ఉత్తర తెలంగాణ మనిషే, హుస్నాబాద్ ఎమ్మెల్యే, మీ పేపర్ల ఈ లెటర్ వస్తె వారి దాక పోతదేమోనని నా ఆశ.

అది ఎప్పుడయితదో తెల్వదు కాబట్టి మీ చేతుల ఉన్నదొకటి అడుగుతున్న. మీ క్లాసిఫైడ్స్ కౌంటర్ దగ్గర ఇచ్చే ఫారంల మోడల్, ఓనర్, కిలోమీటర్లు అని మూడు గీతలుంటయ్ కద, ఈవీ అంటె ఇంకో రెండు గీతలు పెట్టుండ్రి, బ్యాటరీ ఎంత శాతం, వారంటీ ఏ నెల దాక. రాయనోడు రాయకపోనీ, ఆ గీత ఖాళీగనే అచ్చు ఏయుండ్రి. మావోడికి ఉద్యోగమొస్తె నా టిగోర్ అమ్మి పెద్దది తీసుకుంటనంటుండు, ఆ రోజు ఆ ఫారం ముందు నేనే నింపుత.

ఇట్లు,
ఒక టీచరమ్మ, హన్మకొండ